బొగ్గు గనులు - పైమన్ను

కాజీపేట కూడలి గుండా సాగే బొగ్గుబండ్లలో బొగ్గు మాత్రమే కనిపిస్తుంది. దానిపై ఒకనాడు పరచుకొని ఉన్న మన్ను కనిపించదు. ఆ మన్నుకూ ఒక చరిత్ర ఉన్నది.

1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలయినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1929లో కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పూర్తి అయి, గోదావరి లోయ బొగ్గుకు దారి ఏర్పడినది. తొలినాటివి భూగర్భ గనులు. పైనేలనంతటినీ ఎత్తివేయవలసిన పని లేదు. 1970 దశకంలో రామగుండమున ఉపరితల గని వచ్చినది. దానికి అడవి, మన్ను, రాయి అన్నీ తొలగించవలసినదే.

పైమన్ను అనగా వట్టి మట్టి కాదు. సూక్ష్మజీవులు, వానపాములు, శిలీంధ్రాలు, విత్తనాలు కలసి ఉన్న పొర అది. అంగుళం మందం ఏర్పడుటకు వందల ఏండ్లు పడుతుంది. రాళ్లతో కలిపితే అది పనికిరాదు. ఎత్తుగా పోస్తే గాలి ఆడక లోపలి జీవులు నశిస్తవి. కనుక దానిని వేరుగా తీసి, తక్కువ ఎత్తున పోసి, పప్పుజాతి మొక్కలు పెంచి, తిరిగి గుట్టలపై పరచవలెను.

1994లో పెద్ద గనులకు పర్యావరణ అనుమతి తప్పనిసరి అయినది. 2009లో బొగ్గు గనుల మూసివేత ప్రణాళికకు మార్గదర్శకాలు వెలువడినవి. అయినను ఒకే జాతి చెట్లు నాటిన గుట్ట అడవి కాదు. టేకు, మద్ది, తునికి, ఇప్ప, వాటి నీడన గడ్డి, పురుగు, పక్షి కూడినదే అడవి. బొగ్గును రైలు మోసుకొని పోగలదు. పోయిన మన్నును ఏ రైలూ తిరిగి తేలేదు.