గెలాక్సీల జంట – హైదరాబాదులో ఒక లెక్క

విద్యార్థులారా! ఏప్రిల్, మే నెలల రాత్రుల్లో ఉత్తర దిక్కున సప్తర్షి మండలాన్ని మీరు చూసే ఉంటారు. దాని తోక చివరి నక్షత్రం మరీచి. సూరత్, హైదరాబాదు వంటి నగరాల వెలుగుకు దూరంగా వెళ్లి, 8 అంగుళాల టెలిస్కోపును మరీచికి కాస్త పక్కగా తిప్పండి. ఒకదాన్నొకటి ఆనుకున్నట్లు రెండు మసక వెలుగులు కనిపిస్తాయి. పెద్దది ఎం-51 అనే సర్పిల గెలాక్సీ, చిన్నది దాని తోడు గెలాక్సీ.

పెద్దదాన్ని 1773లో ఫ్రాన్స్‌కు చెందిన మెస్సియే, చిన్నదాన్ని 1781లో మెషేన్ గుర్తించారు. 1845లో ఐర్లండులో లార్డ్ రాస్ 72 అంగుళాల టెలిస్కోపుతో చూసి, పెద్దదానిలో సుడి తిరిగిన చేతులను బొమ్మగా గీశాడు. సర్పిలాకారం మనిషి కంటపడింది అప్పుడే.

అయితే ఒక చిక్కుంది. గెలాక్సీల కదలికలకు కోట్ల ఏళ్లు పడుతుంది. జీవితమంతా చూసినా మనకు దక్కేది కదలని బొమ్మే. మరి అవి దగ్గరైనప్పుడు ఏం జరుగుతుందో తెలిసేదెలా? లెక్కే దారి.

1941లో స్వీడన్ శాస్త్రవేత్త హోమ్‌బెర్గ్ ఒక్కో గెలాక్సీకి 37 చొప్పున విద్యుద్దీపాలు అమర్చాడు. గురుత్వాకర్షణలాగే కాంతి తీవ్రత కూడా దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కదా! అందుకే కాంతిని కొలిచి ఆకర్షణను లెక్కగట్టాడు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రవేత్త సాలేహ్ మహమ్మద్ అల్లాదిన్ ఇదే సమస్యను గణితంతో పట్టుకున్నారు. ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రంపై ఆయన వ్యాసం 1965లో అమెరికాలోని ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వెలువడింది. ఢీకొనడమంటే నక్షత్రాలు గుద్దుకోవడం కాదు. వాటి మధ్య ఖాళీ అపారం. ఒక గెలాక్సీ ఆకర్షణ రెండోదానిలోని నక్షత్రాల వేగాలను మారుస్తుంది. అందుకు కావలసిన శక్తి గెలాక్సీల ప్రయాణ శక్తి నుంచే వస్తుంది. కాబట్టి ప్రయాణం మందగించి, చివరికి రెండూ ఒకటై పోవచ్చు. నెమ్మదిగా దాటిపోతే లాగే సమయం ఎక్కువ, మార్పు కూడా ఎక్కువ.

1972లో టూమ్రె సోదరులు కంప్యూటరు సాయంతో ఎం-51 జంట మధ్య కనిపించే వంతెనను లెక్కలో పుట్టించి చూపారు. 1982లో అల్లాదిన్, నరసింహన్ కలిసి ఈ రంగంపై సమగ్ర సమీక్ష రాశారు.

ఈ లెక్క మనకూ వర్తిస్తుంది. మన పాలపుంత, ఆండ్రోమెడా కూడా సర్పిల గెలాక్సీలే. వచ్చే 1000 కోట్ల ఏళ్లలో అవి కలిసిపోయే అవకాశం సుమారు సగమేనని 2025లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. తీర్పు ఇంకా ఖాయం కాలేదు. దాన్ని సవరించే లెక్క మీలో ఒకరు చేయవచ్చు.