తల్లి మీద మోపిన నింద

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన ఎన్నో కుటుంబాలు భిలాయిలోనే స్థిరపడ్డాయి. వారితోపాటు పల్లె నమ్మకాలూ వచ్చాయి. పిల్లవాడికి మాట రాకపోతే, పిలిచినా పలక్కపోతే గాలి సోకిందనడం, కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏదో తప్పు చేసిందనడం తెలుగు పల్లెల్లో పాత మాటే.

ఆ రోజుల్లో పెద్ద చదువులు చదివినవారూ తల్లినే అన్నారు. 1943లో అమెరికాలో వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని వర్ణించాడు. తర్వాత కొందరు నిపుణులు తల్లిలో ప్రేమ లేకపోవడమే దానికి కారణమన్నారు. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ పుస్తకం ఆ మాటను ఇంటింటికీ చేర్చింది. బిడ్డ కోసం నిద్ర మానుకున్న తల్లులకు ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

ఆటిజం ఉన్న కొడుకుకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఈ నిందను ఖండించాడు. 1977లో పరిశోధకులు ఫోల్‌స్టీన్, రట్టర్ 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే పోలిక కవలల 11 జంటల్లో నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు పోలిక కవలల 10 జంటల్లో ఒక్క జంటలోనూ అలా లేదు. జన్యువుల పాత్ర అప్పుడు బయటపడింది. ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించే, మెదడు ఎదుగుదలను దెబ్బతీసే రెట్ సిండ్రోమ్‌కు మూలమైన జన్యువు 1999లో దొరికింది. ఆ జన్యులోపం చాలావరకు కొత్తగా తలెత్తేదే, తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు.

కారణాలన్నీ జన్యువుల్లోనే లేవు. హైదరాబాద్‌తో సహా దేశంలో అయిదు చోట్ల 3,964 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. ఇంటి కాన్పు, పుట్టగానే ఊపిరాడకపోవడం, తక్కువ బరువు, మెదడుకు సోకే ఇన్ఫెక్షన్లు, శరీర ఎదుగుదల లోపం పిల్లల్లో నాడీ వికాస లోపాల (ఆటిజం వాటిలో ఒకటి) ముప్పును పెంచుతున్నాయని తేలింది. వీటిలో చాలావాటిని ఆపవచ్చు.

ఆటిజం కాకపోయినా, ముందే కనిపెడితే ఆపగలిగే లోపం మరొకటి ఉంది. హైదరాబాద్ ప్రభుత్వాసుపత్రుల్లో 18,300 మంది నవజాత శిశువుల రక్తం పరీక్షిస్తే, సుమారు 1,700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపం కనిపించింది. మొదటి వారాల్లోనే మందు మొదలుపెడితే ఆ బిడ్డ బుద్ధి మందగించదు.

అందుకే భిలాయిలోనైనా బొబ్బిలిలోనైనా, కాన్పయిన ఇంటివారు మడమ నుంచి చుక్క రక్తం తీసి చేసే ఆ పరీక్ష గురించి అడగాలి. మాట ఆలస్యమైతే పిల్లల డాక్టరుకు చూపించాలి. తల్లిని నిలదీయడం మానాలి.