నింబా కొండ మీద గీసిన గీతలు

అరకు మీదుగా విశాఖపట్నం రేవుకు పోయే ఇనుప రాయి రైళ్ళను చూస్తూ పెరిగినవాళ్ళు మనలో ఉన్నారు. ఆ రాయి బైలదిల్లా కొండలది. అలాంటి ఇనుప రాయి కొండే పశ్చిమ ఆఫ్రికాలో ఒకటుంది. పేరు నింబా. గినియా, ఐవరీ కోస్ట్, లైబీరియా దేశాలు కలిసే చోట 1752 మీటర్ల ఎత్తున నిలబడింది. కింద దట్టమైన అడవి, పైన గడ్డి.

ఆ గడ్డిలో, సుమారు 1200 మీటర్లకు పైన, ఒక గోదురుకప్ప బతుకుతోంది. మన బొటనవేలిలో సగం ఉంటుందేమో. కప్పలు నీళ్ళలో గుడ్లు పెడతాయని బడిలో చెబుతాం కదా, ఇది పెట్టదు. తొమ్మిది నెలలు మోసి పిల్లల్నే కంటుంది. కడుపులోని పిల్లలు గర్భసంచిలో ఊరే ద్రవం తాగి పెరుగుతాయి. వాన లేని నెలల్లో తల్లి కడుపుతోనే నేల లోపల దాక్కుంటుంది. వానలు పడ్డాక జూన్‌లో కంటుంది. ఈ కప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు.

కొండ చుట్టూ మానో, కోనో, దాన్ మొదలైన జనాలు తరతరాలుగా ఉన్నారు. 1944లో, ఫ్రెంచి పాలనలో, గినియా వైపు కొండను కఠిన రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. వేట, సాగు అన్నీ నిషిద్ధం. ఆ గీత ఎవరిని అడిగి గీశారో మన ఏజెన్సీవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

లైబీరియా వైపు కథ వేరు. అక్కడ 1963లో ఇనుప గని మొదలై 1989 దాకా నడిచింది. రాయిని రైలు మీద బుకానన్ రేవుకు తరలించారు. శిఖరం ఉన్న చోట ఇప్పుడు గొయ్యి, అందులో నీలం నీళ్ళ చెరువు.

1981లో యునెస్కో గినియా వైపు భాగాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మరుసటి ఏడు ఐవరీ కోస్ట్ భాగమూ చేరింది. 1992లో అది ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాకెక్కింది. కారణాలు రెండు: గినియా వైపు తలపెట్టిన కొత్త గని, లైబీరియా యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల తాకిడి. మరుసటి ఏడు హద్దులు సవరించి, గని అడిగిన నేలను వారసత్వ స్థలం బయట పెట్టారు. జనం దాటకూడని గీత, రాయి కోసం తానే పక్కకు జరిగింది.

కప్పకు జరగడానికి చోటు లేదు. కింద అడవి, పైన ఆకాశం. దానికి కావలసిన గడ్డి సరిగ్గా ఇనుప రాయి మీదే మొలుస్తుంది.