సీమనుండి వచ్చిన రెండు బండ్లు

పుష్పకవిమానము కుబేరునిది. రావణుడు దానిని బలిమిచే గైకొని తన విలాసమునకు వాడుకొనెను. లంకాజయము పిమ్మట అదే విమానము సీతారామలక్ష్మణులతో పాటు వానరులను, విభీషణుని పరివారమును మోసికొని అయోధ్యకు పయనించెను. వాహన మొక్కటియే; ఎక్కినవారిని బట్టి దాని కీర్తి మారినది. హైదరాబాదు నగరమునకు విదేశమునుండి దిగుమతియైన రెండు తరగతుల మోటారు బండ్ల చరిత్రను తలచినప్పుడెల్ల నాకీ కథయే స్ఫురించుచుండును.

మొదటిది రాజుగారి కారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఇంగ్లండునందలి రోల్స్ రాయిస్ సంస్థకు ‘సిల్వర్ ఘోస్ట్’ అను బండి నొకదానిని పురమాయించెను. లండనులోని బార్కరు కంపెనీవారు దానికి పసుపువన్నె గల పైకట్టును నిర్మించి, వెనుక భాగమున సింహాసనమును బోలిన ఎత్తైన పీఠము నమర్చిరి. కాని 1911 ఆగస్టు 29వ తేదీన నిజాము కాలధర్మము నొందెను. బండి సముద్రము దాటి వచ్చునాటికి దానిని కోరిన ప్రభువు లేడు. ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాను దానిని ఉత్సవ సమయములందే వాడెను. కావున అది తిరిగిన దూరము మిక్కిలి స్వల్పము. నేడది చౌమహల్లా ప్రాసాదమున చూపరులకు కనువిందు చేయుచున్నది.

రెండవది ప్రజల బస్సు. ఉస్మాన్ అలీఖాను ప్రభుత్వము 1930లో రైలుమార్గములను కంపెనీ చేతినుండి కొని స్వాధీనము చేసికొనెను. రైలుకును రోడ్డుకును పోటీ లేకుండ రెండింటిని ఒకే యాజమాన్యము క్రింద నడుపదలచి, 1932 జూనులో నిజాము రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. ఆనాటి బస్సులు స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున ఆల్బియన్ సంస్థవారు చేసినవి. ఇవియు ఓడలమీద వచ్చినవే. కాని ఇవి టిక్కెట్టు కొన్న ప్రతివానికిని చోటిచ్చెను. సంతకు పోవు వర్తకుడు, కచ్చేరికి పోవు రైతు, పుట్టినింటికి పోవు ఆడుపడుచు వీనిలోనే ఎక్కిరి. బండి నడుపుట, విప్పి బాగుచేయుట మనవారికి చేతనైన విద్య యయ్యెను.

ఆ శాఖ 1951 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వమునకు సంక్రమించెను. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా అవతరించెను. ఇరువదియేడు బండ్ల మొలక వేలకొలది బండ్ల మఱ్ఱియయ్యెను.

ఇంకొక విశేషము కలదు. 1949లో భారత ప్రభుత్వము పూర్తిగా తయారైన మోటారు బండ్ల దిగుమతిని నిషేధించెను. బండి కొనుటకంటె బండి చేయుట నేర్చుకొనుటయే మేలని నాటి పెద్దల భావము. ఆల్బియన్ సంస్థ 1951లో లేలండు కంపెనీలో కలిసెను. ఆ లేలండువారితో పొత్తు కుదుర్చుకొన్న మదరాసు చెంతనున్న ఎన్నూరు కర్మాగారము 1955లో అశోక్ లేలండు అను పేరు దాల్చి, మన రోడ్లకు బండ్ల నందించెను. దిగుమతియైన వస్తువు తుదకు విద్యగా మారుట యన నిట్టిది.

లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నేను ఈ రెండు బండ్లకును చిట్టా వేసి చూచితిని. రెండింటికిని పైకము ప్రజలనుండి వచ్చినదే, శిస్తుగానో, టిక్కెట్టుగానో. ఖర్చు రెండు పద్దులందును కలదు. నిలువ మాత్రము రెండవదానియందే కనుపించుచున్నది.

ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకును ఈ చిట్టా వర్తించును. ఇందలి పుస్తకములును ఊరి చందాలతో పరస్థలములనుండి తెచ్చుకొన్నవే. బీరువాలో మెరయుచు ఎవ్వరును చదువని గ్రంథము రాజుగారి కారు వంటిది. అట్టలు నలిగి, చేతులు మారి, ఇల్లిల్లు తిరిగిన గ్రంథము ఆల్బియన్ బస్సు వంటిది. మన బీరువాలలో ఏవి యెన్ని కలవో గ్రామస్థులే లెక్క చూచుకొందురు గాక!