పీహెచ్‌పీ 4 ని సాగనంపిన కథ

ఈ మధ్య నాకో మెయిలొచ్చింది. అంకెల్ని తెలుగు మాటల్లోకి మార్చే చిన్న లైబ్రరీ ఒకటి రాసి, ఎప్పుడో ఓపెన్ సోర్సుగా పెట్టాను లెండి. 1,250 ఇస్తే "వెయ్యి రెండు వందల యాభై" అని రాస్తుంది, అంతే. దాని తర్వాతి వెర్షన్‌కి పీహెచ్‌పీ 8.2 ఉండాల్సిందేనని ప్రకటించాను. 7.4 కి మద్దతు 2022 నవంబరులోనే ఆగిపోయింది కదా, ఇంకా దాన్ని పట్టుకుని వేలాడ్డం దేనికని నా ఉద్దేశం. మెయిలు రాసినాయన ఒక స్కూల్లో ఫీజు రసీదులు ఆ లైబ్రరీతోనే ప్రింట్ చేస్తారట. "సర్వర్ మా చేతిలో లేదండీ, హోస్టింగ్ వాళ్ళు పలకట్లేదు. మమ్మల్నేం చెయ్యమంటారు?" అని అడిగారు.

"అప్‌గ్రేడ్ చేసుకోండి" అని టైపు చేసి, పంపబోతూ ఆగిపోయాను. 2007 లో ఆయన కూర్చున్న కుర్చీలో నేనున్నాను మరి.

అప్పట్లో మా హైస్కూలు పాత విద్యార్థుల కోసం ఒక చవక హోస్టింగ్‌లో సైటు నడిపేవాణ్ణి. ఓ రాత్రి ఫోటోల ప్లగిన్ అప్‌గ్రేడ్ చేశాను. సైటంతా మాయమై ఒకే ఒక్క లైను మిగిలింది. పార్స్ ఎర్రర్, టీ_ఓల్డ్_ఫంక్షన్ కావాలి, లేదా టీ_ఫంక్షన్ కావాలి, లేదా టీ_వార్ కావాలి... ఆ రోజుల్లో పీహెచ్‌పీతో కుస్తీ పట్టినవాళ్ళకి ఈ లైను ఇప్పటికీ కలలోకి వస్తుందనుకుంటా. కొత్త కోడ్‌లో "ప్రైవేట్ ఫంక్షన్" అని ఉంది. పీహెచ్‌పీ 4 కి ప్రైవేట్ అన్న మాటే తెలీదు! మర్నాడే మా బ్యాచ్ కలుసుకునే రోజు, అడ్రసూ టైమూ అన్నీ ఆ సైట్లోనే. తెల్లారుజామున ప్లగిన్ ఫోల్డర్ మొత్తం పీకేస్తే గానీ సైటు లేవలేదు. తమాషా ఏంటంటే ఆ సర్వర్లో పీహెచ్‌పీ 5 కూడా ఉంది. హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో ఒక్క లైను రాస్తే అదే వచ్చేది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, డిఫాల్టుగా మాత్రం 4 పెట్టి ఉంచారు.

ఇంతకీ అసలు కథలోకి వద్దాం. పీహెచ్‌పీ 4 వచ్చింది 2000 మేలో. పీహెచ్‌పీ 5 వచ్చింది 13 జూలై 2004 న. ఎక్సెప్షన్లు, ప్రైవేట్, ప్రొటెక్టెడ్, ఇంటర్‌ఫేస్‌లు అన్నీ 5 తోనే వచ్చాయి. 4 లో ఆబ్జెక్టుని ఫంక్షన్‌కి పంపిస్తే నకలు వెళ్ళేది, అసలుది కావాలంటే ఎక్కడికక్కడ ఆంపర్‌శాండ్ తగిలించుకోవాలి. ఒక్కటి మర్చిపోతే రాత్రంతా డీబగ్గింగే. ఇన్ని సుఖాలున్నా మూడేళ్ళ తర్వాత కూడా షేర్డ్ హోస్టింగుల్లో చాలాచోట్ల 4 దే రాజ్యం.

ఎందుకంటే పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. "మారిస్తే కస్టమర్ల సైట్లు పడిపోతాయి, పైగా 5 కావాలని అడిగే సాఫ్ట్‌వేరేదీ?" అని హోస్టింగ్ వాళ్ళు. "హోస్టుల్లో 5 లేదు, మేం అడిగితే యూజర్లు పోతారు" అని ప్రాజెక్టుల వాళ్ళు.

ఈ ముడి విప్పడానికి 2007 లో గోపీహెచ్‌పీ5 అని ఒక ఉమ్మడి ప్రయత్నం మొదలైంది. డ్రూపల్, టైపో3, పీహెచ్‌పీమైఅడ్మిన్, సింఫొనీ లాంటివి చేరాయి. 5 ఫిబ్రవరి 2008 తర్వాత విడుదల చేసే కొత్త ఫీచర్ వెర్షన్లకి పీహెచ్‌పీ 5.2 తప్పనిసరి చేస్తామన్నాయి. అందరూ ఒకే తేదీ చెప్తే ఏ ఒక్కరూ యూజర్లని పోగొట్టుకోరు, హోస్టులకీ సాకు ఉండదు. అదీ కిటుకు. అదే ఏడాది జూలై 13 న పీహెచ్‌పీ బృందం కూడా 4 కి మద్దతు డిసెంబరు 31 తో ఆపేస్తామని, భద్రతా సవరణలు 8 ఆగస్టు 2008 దాకా మాత్రమేనని ప్రకటించింది. చివరిదైన 4.4.9 అన్నట్టుగానే 2008 ఆగస్టులో వచ్చింది.

వర్డ్‌ప్రెస్ మాత్రం చేరలేదు. జనం వాడకం లెక్కన పీహెచ్‌పీ 5 ఫ్లాపేనని మాట్ ములెన్‌వెగ్ అప్పట్లో బాహాటంగానే రాశాడు. మా ప్రోగ్రామర్లందరికీ అప్పుడు ఒళ్ళు మండింది. కానీ వాళ్ళు చేసిన పని చూడండి. లెక్కపెడుతూ కూర్చున్నారు. 5.2 కంటే పాతది వాడే సైట్లు 11 శాతానికి తగ్గాక, 2010 జూలైలో ఏడాది ముందే నోటీసిచ్చారు. 4 జూలై 2011 న వచ్చిన వర్డ్‌ప్రెస్ 3.2 తో పీహెచ్‌పీ 4 కి సెలవు. పాత సర్వరున్నవాడికి సైటు పడిపోలేదు, "నీ పీహెచ్‌పీ చాలదు" అని అప్‌డేట్ పేజీలోనే చెప్పింది.

అలాగని వాళ్ళదే ఒప్పని అనలేను. వాళ్ళు 5.2 అడిగేనాటికే దానికీ కాలం తీరిపోయింది, చివరి విడుదల 2011 జనవరిలోనే. అయినా 5.2.4 చాలన్న మాట మీదే 2019 మే దాకా ఉన్నారు. నేమ్‌స్పేస్‌లు 2009 లోనే వచ్చినా, వర్డ్‌ప్రెస్ కోర్‌లో పదేళ్ళపాటు వాటిని ముట్టుకునే వీల్లేదు. యూజరు పడాల్సిన కష్టమంతా కోడ్ రాసేవాళ్ళు పడ్డారన్నమాట.

చెప్పొచ్చేదేంటంటే, "ఏ వెర్షన్ దాకా" అన్నది చూడ్డానికి టెక్నికల్ ప్రశ్నలా ఉంటుంది గానీ, ఎవరి నెత్తిన భారం వెయ్యాలన్నదే అసలు ప్రశ్న. ఆ భారం మోసేవాడికి చాలాసార్లు సర్వర్ మీద అధికారమే ఉండదు. కాబట్టి వాడికి తేదీ ముందే తెలియాలి, తెల్ల పేజీ బదులు అర్థమయ్యే మాట కనబడాలి. ఇందులో ఇంకో మెలిక ఉంది. వెర్షన్ చూసే ఫైలు పాత సింటాక్స్‌లోనే రాయాలి. లేకపోతే ఆ చెక్ పని చేసేలోపే పార్స్ ఎర్రర్ వచ్చేస్తుంది!

ఆ స్కూలాయనకి జవాబు మార్చి రాశాను. 7.4 కోసం ఒక చివరి విడుదల ఇస్తాను, ఏడాదిపాటు తప్పులు మాత్రం దిద్దుతాను, ఆ పైన కుదరదని తేదీతో సహా చెప్పాను. ఆయన హోస్టింగ్ ప్యానెల్లో పీహెచ్‌పీ వెర్షన్ మార్చే మెనూ ఏమైనా ఉందేమో చూడమని కూడా రాశాను.

ఉందట. మూడు క్లిక్కులు!