రాగిరేకు నుంచి పాఠ్యపుస్తకం దాకా: రాతలోని వరస

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి నుంచి పలాసకు వెళ్లే దారిలో ఉంది నందిగాం. ఈ ప్రాంతపు చరిత్రలో ఎక్కువ భాగం రాగిరేకుల మీదే మిగిలింది. టెక్కలి పేరుతో, సంతబొమ్మాళి పేరుతో తూర్పు గాంగరాజుల తామ్రశాసనాలు కొన్ని వెలుగు చూశాయి. వాటి భాష సంస్కృతం, లిపి పాతది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివినా మొదట ఏమీ అంతుపట్టదు. అయినా నాలుగు శాసనాలు చదివినవారికి అయిదోది సులువవుతుంది. అన్నిటికీ దాదాపు ఒకటే వరస కాబట్టి.

ముందు శాసనం వెలువడిన ఊరు. తరవాత మహేంద్రగిరి మీది గోకర్ణస్వామిని కొలిచే రాజు పొగడ్త, రాజు పేరు. ఆ వెంటనే ఫలానా ఊరి కుటుంబీకులకు ఆజ్ఞ. దానం పుచ్చుకున్నవారి గోత్రం, వేదశాఖ. గట్టు, చెట్టు, పుట్ట గుర్తులుగా పొలిమేరలు. రాబోయే రాజులకు విన్నపం, దానం చెరిపినవాడికి పాపం చుట్టుకుంటుందని చెప్పే శ్లోకాలు. చివర గాంగశకం లెక్కలో సంవత్సరం, రాసినవారి పేరు. రేకు మధ్యలో నాలుగు అక్షరాలు అరిగిపోయినా అక్కడ ఉండాల్సింది గోత్రమో పొలిమేరో చదివేవారు ఊహించగలరు. ఆ ఊహను మిగిలిన అక్షరాలతో సరిచూసుకోగలరు.

ఈ విద్యను సొంతంగా పట్టుకున్నవారిలో గిడుగు రామమూర్తి ఒకరు. 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా స్థిరపడ్డారు. వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం గుడి శాసనాలను గురువు లేకుండానే చదవడం నేర్చుకున్నారు. శక సంవత్సరం 979 నాటి వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాన్ని ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. శాసనాల్లో వినిపించే కళింగనగరం ముఖలింగమేనని వాదించారు.

శాసనాలకే కాదు, కావ్యాలకూ ఇలాంటి కట్టుబాటు ఉంది. తెలుగు ప్రబంధం ఇష్టదేవతా స్తుతితో మొదలై, పూర్వకవులను తలుచుకుని, కావ్యాన్ని అంకితం పుచ్చుకునే కృతిభర్త వంశాన్ని వర్ణించి, ఆయనకు అంకితం చెప్పే షష్ఠ్యంతాల దగ్గరికి వచ్చిందంటే ఇక కథ మొదలవుతున్నట్టే. ప్రతి ఆశ్వాసం చివరా ఉండే గద్యం కవి పేరు, కావ్యం పేరు, ఎన్నో ఆశ్వాసమో చెబుతుంది. మాటకూ మాటకూ మధ్య ఎడం లేని తాళపత్రంలో పాఠకుడికి దారి చూపినవి ఇవే.

శాస్త్రగ్రంథాల విషయంలో మన పండితులు ఇంకొంచెం ముందుకు వెళ్లారు. గ్రంథం తాత్పర్యం తేల్చడానికి ఆరు గుర్తులు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. మొదలూ ముగింపూ ఒకే విషయం చెబుతున్నాయా, ఏ మాట పదేపదే వస్తోంది, కొత్తగా చెప్పినదేమిటి, దానివల్ల కలిగే ప్రయోజనమేమిటి, పొగడ్త ఏది, యుక్తి ఏది అని చూసుకుంటూ చదవమన్నారు. మొత్తం నిర్మాణాన్ని పట్టుకునే పద్ధతి ఇది.

బడిలోకి వచ్చేసరికి ఈ చూపు చిక్కిపోయింది. ప్రతిపదార్థం వల్లించడం, తాత్పర్యం అప్పజెప్పడం చదువైపోయింది. పిల్లలకు అర్థం కాని గ్రాంథికం పాఠ్యపుస్తకంలో ఎందుకని 1910ల నుంచి గట్టిగా అడిగినవారు కూడా గిడుగువారే. సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, బడులు నడిపిన అనుభవం ఆయనది. వ్యావహారికం వచ్చాక మాట అడ్డు తొలగింది. రాత అమరికను చూడటం మాత్రం పాఠంగా మారలేదు.

అది పాశ్చాత్య దేశాల్లో పరిశోధనాంశమైంది. 1975లో అమెరికన్ పరిశోధకురాలు బానీ మేయర్ గద్య నిర్మాణానికీ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం మీద పుస్తకం వెలువరించారు. వర్ణన, క్రమం, కార్యకారణం, సమస్య–పరిష్కారం, పోలిక అనే అయిదు అమరికలు ఆమె పరిశోధనతో ప్రచారంలోకి వచ్చాయి. 1980లో తొమ్మిదో తరగతి పిల్లల మీద ఆమె బృందం ప్రకటించిన అధ్యయనంలో, రచయిత వాడిన అమరికనే పట్టుకుని తిరిగి రాసిన పిల్లలు ఎక్కువ విషయం గుర్తుంచుకున్నారు. ‘అందువల్ల’, ‘అయితే’, ‘దీనికి భిన్నంగా’ లాంటి మాటల దగ్గర ఆగి, ఇక్కడ రచయిత ఏం చేస్తున్నారని అడగడం నేర్పితే పిల్లలకు ఆ అమరిక చిక్కుతుంది.

ఈ చూపు మన జిల్లాలోని ఉద్దానం ప్రాంతానికి ఎంత అవసరమో కిడ్నీ జబ్బు గురించిన రాతలు చూస్తే తెలుస్తుంది. అక్కడ ఎందరినో పట్టి పీడిస్తున్న ఆ జబ్బు మీద ఏళ్లుగా వ్యాసాలు, నివేదికలు వస్తున్నాయి. నీళ్లలోని ఖనిజాలు, పురుగుమందులు, ఎండలో పనివల్ల ఒంట్లో నీరు తగ్గడం, వంశపారంపర్యం – ఇలా ఎన్నో అనుమానాలు వినిపించాయి. ఇదే కారణమని ఒక్కటీ అందరూ ఒప్పుకునేలా తేలలేదు. ఇలాంటి వ్యాసం చూపుకు కార్యకారణ రచనలా కనిపించినా, లోపల అనుమానాల జాబితాయే ఉండొచ్చు. ‘తేలింది’ అన్న వాక్యం ఏది, ‘కావచ్చు’ అన్న వాక్యం ఏది అని గీత గీసి చూడటం ఎనిమిదో తరగతి పిల్లలకు నేర్పవచ్చు. నందిగాం బడిలో సైన్సు మాస్టారు, తెలుగు మాస్టారు కలిసి అలాంటి వ్యాసమొకటి తీసుకుంటే ఒక్క పీరియడు చాలు. తాగే నీటి గురించి ఊళ్లో వినిపించే మాటల్లో ఏది నిరూపణ, ఏది ఊహ అని ఆ పిల్లలు ఇంట్లో పెద్దలకు చెప్పగలుగుతారు.