ఆకాశంలో బొంగరం

ఒప్పులకుప్ప ఆడని తెలుగు ఆడపిల్ల వుంటుందా? చేతులు పెనవేసుకుని, జడలు గాలిలో ఎగిరేలా గిర్రున తిరిగి ఠక్కున ఆగుతాం. కాళ్ళు ఆగుతాయి గాని తల ఆగదు. ఇందాక తిరిగినదానికి ఎదురుదిక్కుకి ఎవరో మనల్ని తిప్పేస్తున్నట్టే వుంటుంది.

ఇది చెవి చేసే గారడీ. లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు సన్నని వంపు గొట్టాలున్నాయి. చెంబుడు నీళ్ళని గుండ్రంగా తిప్పి చూడండి. మొదట చెంబు తిరుగుతుంది, నీళ్ళు కదలవు. కాసేపటికి రెండూ కలిసి తిరుగుతాయి. చెంబు ఆపినా నీళ్ళు ఆగవు. చెవిలోనూ అంతే. తిరగడం మొదలైతే తెలుస్తుంది, నిలకడగా తిరుగుతూ వుంటే తెలియదు, ఆగితే ఎదురుగా తిరుగుతున్నట్టు తెలుస్తుంది. నేలమీద కళ్ళు దీన్ని సరిదిద్దుతాయి. మబ్బుల్లో దూరిన పైలట్‌కి ఆ కళ్ళూ లేనట్టే. విమానం ఓ పక్కకి ఒరిగి సుళ్ళు తిరుగుతూ దిగిపోతున్నా, తిన్నగా పోతున్నాననే అనుకుంటాడు.

తొలినాటి పైలట్లకి ఈ సంగతి చెబితే కోపం వచ్చేది. తమ ఒళ్ళే తమకి అన్నీ చెబుతుందని వాళ్ళ ధీమా. అమెరికా సైన్యంలో విలియం ఆకర్ అనే అనుభవజ్ఞుడిని 1926లో శాన్ ఫ్రాన్సిస్కోలో డేవిడ్ మయర్స్ అనే డాక్టరు తిరిగే కుర్చీలో కళ్ళు మూయించి కూర్చోబెట్టాడు. కుర్చీ నిలకడగా తిరుగుతుంటే ఆగిందన్నాడు ఆకర్. ఆగితే అటు తిరుగుతోందన్నాడు! ఇంకొకరైతే డాక్టర్ని తిట్టుకుని వెళ్ళిపోయేవారు. ఈయన ఓ పెట్టె తయారుచేసుకొచ్చాడు. అందులో విమానం మలుపు తిరగడాన్ని చూపే పరికరం, ఓ టార్చిలైటు. పెట్టెలో మొహం దూర్చి కూర్చుంటే ప్రతి జవాబూ సరిగ్గా వచ్చింది. ఇక అప్పట్నుంచీ కనబడిన అధికారినల్లా, ఒంటిని కాదు, దీన్ని నమ్మండని బతిమాలాడు. మతి స్థిమితంగా వుందో లేదో చూడమని ఆయన్ని ఆస్పత్రికి పంపారని కూడా చెబుతారు. కొత్త మాట చెప్పినవాళ్ళకి ఏ దేశంలోనైనా ఇదే మర్యాద కాబోలు.

ఆ పెట్టెలోని రహస్యం బొంగరమే. జోరుగా తిరిగే చక్రం తన ఇరుసుని ఒక దిక్కుకే నిలుపుకుంటుంది, చుట్టూ వున్న చట్రం ఎటు ఒరిగినా సరే. 1852లో పారిస్‌లో ఫూకో అనే శాస్త్రవేత్త దీనికి జైరోస్కోప్ అని పేరు పెట్టాడు. స్పెర్రీ కంపెనీ వాళ్ళు దానితోనే విమానాలకి కృత్రిమ క్షితిజం తయారుచేశారు. నేలా ఆకాశమూ కలిసే గీతని గాజుబిళ్ళ వెనక చూపే పరికరం అది. విమానం ఒరిగితే పెట్టె ఒరుగుతుంది, లోపలి జైరో ఒరగదు. ఆ తేడాయే ముందు కనబడుతుంది. దిక్కు చూపే జైరో ఇంకొకటి. మామూలు దిక్సూచి విమానం మలుపు తిరిగేటప్పుడు తడబడుతుంది. ఈ జైరో తడబడదు గాని మెల్లిమెల్లిగా పక్కకి జరిగిపోతుంది. అంచేత అప్పుడప్పుడూ దిక్సూచిని చూసి సరిచేస్తుండాలి. ఒకరి లోపం ఒకరు కప్పుకుంటూ కాపురం చేస్తున్నాయన్న మాట.

1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ తన సీటు మీద గుడ్డ గూడు కప్పించుకుని, బయటి ప్రపంచం అణువంతైనా కనబడకుండా విమానం లేపి, తిప్పి, దింపాడు. అంతా ఓ పావుగంట. ముందు సీటులో బెన్ కెల్సీ అవసరమైతే పట్టుకోవడానికి సిద్ధంగా వున్నాడు. ఆ అవసరం రాలేదు. జైరోలకి తోడు రేడియో సంకేతాలూ, ఎత్తుని నిక్కచ్చిగా చెప్పే కొత్త పరికరమూ సాయం చేశాయి.

ఆ రాత్రి వాళ్ళింట్లో విందు. వచ్చినవాళ్ళ చేత ఆయన భార్య జో తెల్లని టేబుల్ క్లాత్ మీద సంతకాలు పెట్టించి, తర్వాత వాటిని నల్లదారంతో కుట్టింది. ఏళ్ళ తరబడి ఇంటికొచ్చిన అతిథులతోనూ అలాగే పెట్టించింది. సంతకాలు 500 దాటాయి. ఆ గుడ్డ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియం సొత్తు. విమానయాన చరిత్ర పుస్తకాల కన్నా నాకు ఆ కుట్టుపనే ఎక్కువ నచ్చింది!

మరి బొంగరమే అబద్ధమాడితే?

1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్‌కి బయల్దేరింది ఎయిర్ ఇండియా వారి ‘ఎంపరర్ అశోక’. సముద్రం మీద కుడివైపుకి ఒరిగి మళ్ళీ తిన్నగా అయింది. కెప్టెన్ ముందున్న క్షితిజం మాత్రం కుడికే ఒరిగివున్నట్టు చూపిస్తూ వుండిపోయింది. సరిచేద్దామని ఆయన ఎడమకి తిప్పాడు. ఇంకా తిప్పాడు. బయట చీకటి, కింద నల్లని నీళ్ళు. నేల వదిలిన 101 సెకన్లకి విమానం బాంద్రా ఎదుట సముద్రంలో కూలింది. 213 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

పాపం, ఆకర్ బతిమాలినట్టే ఆయన యంత్రాన్ని నమ్మాడు. ఒళ్ళు కాదనలేదు. ఆ చీకట్లో ఒంటికేం తెలుసు? కాని కాక్‌పిట్‌లో క్షితిజాలు మూడున్నాయి. కెప్టెన్‌దొకటి, పక్కవాడిదొకటి, ఆపద్ధర్మంగా పెట్టినది మరొకటి. మిగతావాటిని చూసి విమానాన్ని అదుపులోకి తెచ్చుకోలేకపోయారని విచారణలో తేలింది. మూడింట్లో ఏది నిజమో తేల్చుకోవడానికి వాళ్ళకి దొరికినవి కొద్ది సెకన్లు.

ఇప్పటి పెద్ద విమానాల్లో చాలావాటిలో బొంగరమే లేదు. వలయంలో ఎదురెదురుగా పరిగెత్తే లేజర్ కాంతి దాని పని చేస్తుంది. కెప్టెన్ తెరకీ పక్కవాడి తెరకీ తేడా వస్తే హెచ్చరిక వెలుగుతుంది. ఆ మూడోదాన్ని మాత్రం ఎవరూ తీసేయలేదు. పెద్ద తెరల మధ్య చిన్నదిగా కూర్చునే వుంటుంది, విమానంలో కరెంటంతా పోయినా బ్యాటరీ మీద నడిచేలా.